మెషిన్లు తర్వాత కొనొచ్చు, పాయింట్లు మాత్రం ఇప్పుడే పెట్టించండి

ప్రశ్న: మధురవాడలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ కొన్నాం. వచ్చే నెల గృహప్రవేశం. ఇద్దరి జీతాలూ కలిపి చేతికి నెలకు రూ. 1.05 లక్షలు వస్తాయి. హోమ్ లోన్ ఈఎంఐ రూ. 38,000, ఇప్పుడుంటున్న ఇంటి అద్దె రూ. 16,000. ఎఫ్‌డీలో రూ. 3 లక్షలున్నాయి. హాబ్ (వంటగట్టులో బిగించే పొయ్యి), చిమ్నీ, బిల్ట్-ఇన్ ఒవెన్, డిష్‌వాషర్, ఫ్రిజ్, ఆర్ఓ అన్నీ కలిపి ఇంటీరియర్ వాళ్లు రూ. 2.85 లక్షలకు కొటేషన్ ఇచ్చారు. పాత ఫ్రిజ్‌కు ఎనిమిదేళ్లు, బాగానే పనిచేస్తోంది. నో కాస్ట్ ఈఎంఐలో (వడ్డీ లేదని చెప్పే నెలవారీ వాయిదాల్లో) తీసుకుందామని మావారు, ఎఫ్‌డీ తీసేసి ఒకేసారి కట్టేద్దామని నేను. ఏది మేలు?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: రెండూ వద్దమ్మా. గృహప్రవేశానికి పాలు పొంగించడానికి ఒక పొయ్యి ఉంటే చాలు. మిగతావి చాలావరకు చుట్టాలు చూస్తారని కొంటున్నవే.

ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి. ఈఎంఐ, మెయింటెనెన్స్, ఇంటి ఖర్చు కలిపితే మీకు నెలకు డెబ్బై వేలకు తక్కువ కాదు. ఆ లెక్కన మూడు లక్షలు నాలుగు నెలలకు వస్తాయి. ఒకరి ఉద్యోగం పోయినా మీ ఈఎంఐ ఆగకుండా కట్టగలిగేది ఆ డబ్బుతోనే.

ఇక నో కాస్ట్ ఈఎంఐ. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు తేల్చి చెప్పింది. వడ్డీ ఎప్పుడూ ఉంటుంది, దుకాణమో కంపెనీయో దాన్ని డిస్కౌంటుగా సర్దుతుంది. ద్వారకానగర్‌లో ఏ షోరూమ్‌కైనా వెళ్లి రూ. 60,000 ఫ్రిజ్ చూపించి, ‘మొత్తం ఇప్పుడే కడితే ఎంతకిస్తారు?’ అని అడగండి. రూ. 57,000కు ఇస్తామన్నారనుకుందాం. మీరు నెలకు ఐదు వేల చొప్పున పన్నెండు నెలలు కడితే ఆ మూడు వేలు వదులుకున్నట్టే. పైన ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ. లెక్క వేస్తే ఏడాదికి పది శాతం వడ్డీ కట్టినట్టు తేలుతుంది. తప్పనిసరై తీసుకున్నా, సంతకానికి ముందు అప్పు వివరాలన్నీ ఒకేచోట రాసుండే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అడిగి తీసుకోండి. 2024 అక్టోబరు 1 నుంచి వ్యక్తులకిచ్చే టర్మ్ లోన్లకు అది తప్పనిసరి. అసలు వార్షిక వడ్డీ ఎంతో, ఎక్స్‌టెండెడ్ వారంటీ, ఇన్సూరెన్స్ అంటూ ఏం కలిపారో అందులో బయటపడుతుంది.

హోమ్ లోన్‌లోనే కలిపేయమని సలహా ఇచ్చేవాళ్లూ ఉంటారు. రెండు లక్షలు 9 శాతానికి ఇరవై ఏళ్లు తీసుకుంటే నెలకు రూ. 1,800 దాకా పడుతుంది, చూడ్డానికి చిన్నదే. మొత్తం కట్టేది మాత్రం రూ. 4.3 లక్షలు దాటుతుంది. ఫ్రిజ్ పాత ఇనుప సామానుకు వెళ్లిపోయాక కూడా దాని వాయిదా నడుస్తూనే ఉంటుంది.

మరి డబ్బెక్కడిది? మీ ఉత్తరంలోనే ఉంది. వచ్చే నెల నుంచి అద్దె ఆగిపోతుంది కదా. కొత్త ఫ్లాట్ మెయింటెనెన్స్‌కు మూడు వేలు పోయినా పదమూడు వేలు మిగులుతాయి. మొదటి నెలే ఆ మొత్తానికి రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ) మొదలుపెట్టండి, లేకపోతే ఎటు పోయాయో తెలియకుండా కరిగిపోతాయి. ఆరు నెలలకు రూ. 78,000. పాత ఇంటి ఓనరు దగ్గర అడ్వాన్సు కూడా ఉండే ఉంటుంది. రెండు నెలల అద్దె కట్టి ఉంటే రూ. 32,000 వెనక్కి వస్తాయి. పొయ్యి, చిమ్నీ వాటితో అయిపోతాయి.

ఇప్పుడే పెట్టాల్సిన ఖర్చు వేరే ఉంది: పాయింట్లు. ఒవెన్, డిష్‌వాషర్, ఇండక్షన్ పెట్టే చోట 16 ఆంపియర్ల సాకెట్లు, సింక్ పక్కన డిష్‌వాషర్‌కు నీళ్ల లైను, డ్రైన్, చిమ్నీ గొట్టానికి బయటి గోడలో రంధ్రం. పని జరుగుతున్నప్పుడైతే కొన్ని వేలతో పోతుంది. చేరాక అయితే టైల్స్ పగలగొట్టాలి, ఇల్లంతా దుమ్ము. గోడ రంధ్రానికి బిల్డర్ని అడిగి, అసోసియేషన్ ఉంటే వాళ్లకూ చెప్పండి.

హాబ్ కోసం ప్లాట్‌ఫాం గ్రానైట్ కోయించే ముందు ఆలోచించండి. కోత కొలత ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, రేపు అది పాడైతే అదే కొలతది వెతుక్కోవాలి. మామూలు గ్లాస్ టాప్ స్టవ్‌కు ఆ బాధ లేదు. పూర్తిగా ఇండక్షన్‌కు మారిపోదామనే ఆలోచన ఉంటే, 2014 అక్టోబరులో హుద్‌హుద్ తర్వాత మన ఊళ్లో ఎన్ని రోజులు కరెంటు లేదో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. చిమ్నీ మాత్రం తీసుకోండి, వంజరం వేయించే ఇంటికి అది విలాసం కాదు.

ఆర్ఓ కొనేముందు కొన్ని వందలకు దొరికే టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) మీటరుతో మీ ఫ్లాట్ నీళ్లు కొలవండి, కుళాయివీ బోరువీ విడివిడిగా. తాగునీటికి మన ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాములు. అంతకంటే తక్కువ వస్తే ఆర్ఓకు డబ్బు తగలెయ్యక్కర్లేదు, యూవీ ఫిల్టర్ సరిపోతుంది. ఒవెన్‌ సంగతైతే, ఏడాదిలో ఎన్నిసార్లు కేకు చేస్తారో మీకే తెలుసు.

పాత ఫ్రిజ్‌ను తీసుకెళ్లండి. అది మొరాయించినప్పుడు కొత్తది కొనొచ్చు. అప్పుడు నక్షత్రాల్ని కాదు, లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లని ఉందో చూడండి. ఐదు స్టార్లదానికీ మూడు స్టార్లదానికీ 70 యూనిట్ల తేడా ఉంటే, నెలకు 225 యూనిట్లు దాటాక పడే రూ. 8.75 రేటుతో కూడా ఆదా అయ్యేది ఏడాదికి రూ. 612. దానికోసం నాలుగు వేలు ఎక్కువ పెడితే తిరిగి రావడానికి ఆరున్నరేళ్లు. సముద్రం గాలికి ఫ్రిజ్ వెనక భాగం తుప్పు పట్టే మన ఊళ్లో నేనైతే అంత ఎక్కువ పెట్టను.

డిష్‌వాషర్‌ను ఆరు నెలల తర్వాత ఆర్‌డీ డబ్బుతో కొనండి. 2025 సెప్టెంబరు 22 నుంచి దాని మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, మీ కొటేషన్ పాత రేటుతో వేశారేమో చూసుకోండి. అసలు ఆ 2.85 లక్షల్లో ఒక్కో వస్తువుకు మోడల్ నంబరు, ధర విడివిడిగా రాసిమ్మనండి. రాసివ్వకపోతే చెక్కపని వరకే వాళ్లకు అప్పగించి, మెషిన్లు మీ పేరు మీద బిల్లుతో మీరే కొనుక్కోండి.