కారు డిక్కీలో సైకిల్ పడుతుందా? లీటర్లు చూడకండి, అట్ట కత్తిరించండి

ఈ వారం ముందుగా అనంతపురం నుంచి వచ్చిన ప్రశ్న. "సార్, సెకండ్ హ్యాండ్‌లో ఆడి టీటీ కూపే తీసుకున్నాను. నాకు, మా ఆవిడకు చెరో గేరు సైకిల్ ఉంది. రెండూ డిస్క్ బ్రేకులవే. ఆదివారం గండికోట దాకా కారులో వెళ్లి అక్కడ తొక్కాలని ఆశ. కారు వెనక స్టాండు తగిలించడం ఇష్టం లేదు. రెండూ లోపలే పడతాయా? ఫోన్‌తో కొలిచే యాప్ ఏదైనా చెప్పండి."

ఒక సైకిల్‌కు ఢోకా లేదు. రెండోది పట్టడం మీ ఫ్రేముల సైజును బట్టి ఉంటుంది. మీ కారు మూడో తరం టీటీ అయితే డిక్కీ 305 లీటర్లు, వెనక సీట్లు మడిస్తే 712. కానీ సైకిల్ నీళ్లలాగా మూలమూలకూ సర్దుకోదు కదా, లీటర్లతో మనకు పని లేదు. చక్రాలు రెండూ తీసేసినా ఫ్రేము సుమారు మీటరు పొడవు ఉంటుంది, దానికి హ్యాండిల్ అదనం. సన్న టైరున్న 700సీ (రోడ్డు సైకిళ్లకు వచ్చే సైజు) చక్రం అడ్డంగా 67 సెంటీమీటర్లు, 29 అంగుళాలదైతే 74 దాకా వస్తుంది. కాబట్టి మీరు చూడాల్సినవి మూడు: డిక్కీ తలుపు ఎంత వెడల్పు తెరుచుకుంటుంది, ముందు సీటు వీపు దాకా ఎంత జాగా ఉంది, వెనక అద్దం ఎంత కిందికి వాలుతుంది.

ఇక యాప్ సంగతి. ఐఫోన్ అయితే అందులోనే మెజర్ యాప్ ఉంటుంది, 12 ప్రో నుంచి ప్రో మోడళ్లలో కాంతితో దూరం కొలిచే లైడార్ సెన్సర్ ఉంది కాబట్టి వాటిలో ఇంకాస్త మెరుగు. ఆండ్రాయిడ్‌లో గూగుల్ సొంత మెజర్ యాప్‌ను 2021లోనే ఆపేశారు. ఏదైనా సరే, నల్లటి కార్పెట్ మీద, అద్దం దగ్గర ఒకటి రెండు సెంటీమీటర్లు తేడా చూపించొచ్చు, మీకు ఆ రెండు సెంటీమీటర్లే ముఖ్యం. అందుకే నేను చెప్పేది టీవీ వచ్చిన అట్టపెట్టె. దాన్ని విప్పి పరిచి, చక్రాలు తీసిన ఫ్రేమును దాని మీద పడుకోబెట్టి, చుట్టూ స్కెచ్ పెన్నుతో గీసి కత్తిరించండి. ఆ అట్టను డిక్కీలో అటూ ఇటూ తిప్పి చూస్తే ఏ వంపులో దూరుతుందో పది నిమిషాల్లో తేలిపోతుంది, కారుకు ఒక్క గీత కూడా పడదు.

విప్పేటప్పుడు మొదట చైన్‌ను వెనక అన్నిటికంటే చిన్న పళ్ల చక్రం మీదికి తెచ్చుకోండి, అప్పుడు చక్రం సులువుగా వస్తుంది. సీటు రాడ్డు పీకే ముందు ఎత్తు తెలిసేలా టేపు చుట్టండి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, మామూలుగా తిప్పితే ఇంకా బిగుస్తుంది. మీవి హైడ్రాలిక్ (నూనె ఒత్తిడితో పనిచేసే) బ్రేకులైతే చక్రం తీసిన వెంటనే ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ ముక్క పెట్టండి. అది లేకుండా ఎవరైనా బ్రేకు నొక్కితే ప్యాడ్లు దగ్గరికొచ్చేసి డిస్క్ మళ్లీ దూరదు.

డిక్కీలో పాత బొంత పరిచి, గేర్లున్న వైపు పైకి వచ్చేలా ఫ్రేమును పడుకోబెట్టండి. ఇది గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఒకసారి తాడిపత్రి వెళ్తూ నేను గేర్లను కిందికి పెట్టాను, రెండు స్పీడ్ బ్రేకర్లు దాటేసరికి గేరు వేలాడే చిన్న అల్యూమినియం ముక్క వంగింది, ఆ రోజంతా చైన్ జారుతూనే ఉంది. ఆ ముక్క ఒక్కో ఫ్రేముకు ఒక్కో రకం, మీ దానికి సరిపోయేది ఒకటి కొని దగ్గర పెట్టుకోండి. మొదటి ఫ్రేము మీద ఇంకో దుప్పటి వేసి రెండోదాన్ని ఎదురు దిశలో పెట్టండి. చక్రాలను విడి సంచుల్లో, డిస్క్ పైకి ఉండేలా అన్నిటికంటే పైన ఉంచి, మొత్తం డిక్కీలోని కొక్కేలకు బిగించి కట్టండి. వెనక సీట్లు మడిచాక సడన్ బ్రేకు వేస్తే సామాను నేరుగా మీ వీపు మీదికే వస్తుంది. తలుపును విసిరి వేయకుండా చేత్తో మెల్లగా దించి, ఏదీ అద్దానికి తగలట్లేదని చూశాకే మూయండి.

కడప నుంచి ఇంకొకరు: "నాది రెండు సీట్ల ఓపెన్ టాప్ కారు. మడత సైకిల్‌ను పక్క సీట్లో పెడితే బెల్టు అలారం మోగుతూనే ఉంది. మోత ఆపే క్లిప్పు ఆన్‌లైన్‌లో దొరుకుతుందంటున్నారు, కొనొచ్చా?"

వద్దండి. ఆ క్లిప్పులను అమ్మకూడదని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్ కంపెనీలను ఆదేశించింది. సీటు కింది సెన్సర్ బరువును చూసి మనిషి ఉన్నాడనుకుంటోంది, అంతే. కారు బెల్టునే ఫ్రేము లోపలి నుంచి తిప్పి బిగించండి, మోతా ఆగుతుంది, సైకిలూ కదలదు. అయితే ఆ వైపు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే సైకిల్‌ను మీ మీదికే నెట్టొచ్చు. ఆఫ్ చేసే స్విచ్ ఉంటే ఆఫ్ చేయండి, సీటును పూర్తిగా వెనక్కి జరపండి. సైకిల్ దించాక ఆ స్విచ్ మళ్లీ ఆన్ చేశాకే పక్కన మనిషిని కూర్చోబెట్టండి.