గుండు దొర్లితే గులకరాయిలా ఎందుకుంది?

ప్రశ్న: గుట్ట మీది నుంచి పెద్ద గుండు దొర్లిపడే సీను కోసం థర్మకోల్‌తో జానెడు గుండు చేసినం. బల్ల మీద మీటరు ఎత్తు మట్టిగుట్ట కట్టి దొర్లించి ఫోన్‌తో తీసినం. ఆటబొమ్మ లెక్కనే కనిపిస్తున్నది. ఏం చేయాలె?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: ముందు వేగం చూడండి. మీ మీటరు గుట్ట తెర మీద 25 మీటర్ల గుట్ట అనుకుందాం. 25 మీటర్ల ఎత్తు నుంచి జారవిడిచిన రాయి నేలను తాకడానికి దాదాపు 2.25 సెకన్లు పడుతుంది. మీటరు ఎత్తు నుంచైతే అర సెకను కూడా పట్టదు. కన్ను అక్కడే పట్టేస్తుంది. బొమ్మ అసలుదానిలో ఎన్నో వంతో, ఆ సంఖ్యకు వర్గమూలం ఎంతో అన్ని రెట్లు నెమ్మది చేయాలి. 25వ వంతుకు 5 రెట్లు. స్లోమోషన్‌లో సెకనుకు 120 ఫ్రేములు (విడి ఫొటోలు) తీసి, ఎడిటింగ్‌లో సెకనుకు 24 ఫ్రేముల ప్రాజెక్టులో వేస్తే సరిగ్గా 5 రెట్లు. 30 ఫ్రేముల ప్రాజెక్టైతే 4 రెట్లే వస్తుంది, అప్పుడు బొమ్మను 16వ వంతుకు కట్టుకోవాలి.

థర్మకోల్ వద్దు. ఎంత రంగేసినా ఎగిరెగిరి పడి బరువు లేదని చెప్పేస్తుంది. రెండు వంతుల బంకమట్టికి ఒక వంతు సన్న ఇసుక కలిపి 10 సెంటీమీటర్ల ముద్ద చేసి, నీడలో పూర్తిగా ఆరనివ్వండి. తెర మీద అది రెండున్నర మీటర్ల గుండు. జానెడు ముద్ద చేస్తే పది కిలోలు తూగుతుంది, లోపల ఆరక పగులుతుంది కూడా. టేకుకొకటి పోతుంది కాబట్టి నాలుగైదు చేసి పెట్టుకోండి. దుమ్ముకు ఆ గుట్ట మట్టినే పలచని బట్టలో జల్లించి దారిలో చల్లండి; ముగ్గుపిండి పిండిలాగే కనిపిస్తుంది. చెట్లకు తుమ్మరెమ్మలు గుచ్చండి. వేపాకు ఈ కొలతకు మరీ పెద్దది.

కెమెరా ఎత్తు చాలామంది మరిచిపోతారు. మనిషి కంటి ఎత్తు 1.6 మీటర్లనుకుంటే, 25వ వంతుకు 6.4 సెంటీమీటర్లు. ఫోన్‌ను తలకిందులుగా నిలబెడితే లెన్సు బల్లకు దగ్గరికి వస్తుంది. ఎండలోనే తీయండి. 50 హెర్ట్జ్ కరెంటు మీద చాలా ఎల్‌ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు మినుకుతాయి, స్లోమోషన్‌లో అది బయటపడుతుంది.

ప్రశ్న: పిల్లలమర్రి దగ్గర తమ్ముడితో డబుల్ రోల్ తీసినం. రెండు సగాలు కలిపితే నడుమ గీత కొడుతున్నది.
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: మర్రి నీడలో ఎండమచ్చలు నిమిషనిమిషానికీ జరుగుతాయి. గీతకు కారణం అదే. మబ్బు రోజున, లేదా పూర్తి నీడ ఉన్న గోడ ముందు తీయండి. స్టాండు కదపకుండా, తెరను నొక్కిపట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు) లాక్ చేసి, రెండు షాట్లూ వెంటవెంటనే తీయాలి. అతుకును స్తంభం అంచు మీద వేస్తే ఇంకా మంచిది. తమ్ముడి నీడ కూడా ఆ గీత దాటకూడదు.

ప్రశ్న: రక్తానికి కుంకుమ నీళ్లు వాడితే పలచగా కారిపోతున్నయి.
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: కప్పు చక్కెరకు అరకప్పు నీళ్లు పోసి జిగురు పాకం పట్టి, పూర్తిగా చల్లారాక ఎర్ర ఫుడ్ కలర్, చిటికెడు ఇన్‌స్టంట్ కాఫీ పొడి కలపండి. కాఫీ లేకపోతే గులాబీ షర్బత్‌లా ఉంటుంది. రంగు బట్టకు అంటితే పోదు, పాత చొక్కా వేయించండి. షాటు అయిన వెంటనే నేల కడగకపోతే తర్వాతి షాటులో చీమలు కూడా నటిస్తాయి.