నాటు రేగు చెట్లకు గంగరేగు అంటు కట్టుకోవచ్చా?

ప్రశ్న: మా చెలక గట్ల వెంట నాటు రేగు చెట్లు చాలా ఉన్నాయి. కాయలు గోళీలంతే, గింజే ఎక్కువ. వీటిని పీకించి నర్సరీ నుంచి ఆపిల్ బేర్ అంట్లు తెచ్చి పెట్టమంటున్నారు. ఉన్న చెట్లకే అంటు కట్టుకునే వీలుందా?
– ఒక రైతు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: పీకించకండి. ఆ చెట్ల విలువంతా నేల కిందే ఉంది. రేగు తల్లివేరు లోతుకు దిగి, వర్షాధార చెలకలోనూ ఎండలకు తట్టుకుంటుంది. సంచిలో పెరిగిన మొక్క తల్లివేరు అడుగున చుట్టుకుపోతుంది, లేదా నాటేటప్పుడు తెగుతుంది. దాన్ని నీళ్లు పోసి బతికించుకోవాలి. హిమాచల్, కాశ్మీర్‌లలో అడవి ఆపిల్ వేరు మీద మంచి రకాలను అంటు కడతారు. మీరు చేయబోయేదీ అదే పద్ధతి. ఆపిల్ బేర్ కూడా రేగే కనుక నాటు రేగుకు చక్కగా అతుకుతుంది.

ఏప్రిల్ చివర లేదా మేలో చెట్టును మోకాలెత్తున రంపంతో కోయండి. గొడ్డలి వాడితే మొద్దు చీలుతుంది. కోతకు కాపర్ ఆక్సీక్లోరైడ్ (బూజు తెగుళ్ల మందు) పేస్టు పూయండి. వచ్చిన చిగుర్లలో బలమైనవి మూడు నాలుగు ఉంచి మిగతావి తీసేయండి.

తొలకరి తర్వాత, జూన్–జులైలో, చిగురు పెన్సిల్ మందం కాగానే కన్ను అంటు కట్టాలి, అంటే మంచి రకం కొమ్మ మీది మొగ్గను (కన్నును) బెరడుతో సహా తీసి ఈ చిగురు బెరడు కింద అమర్చాలి. ముందుగా కత్తి మొనతో బెరడును కాస్త లేపి చూడండి. తడిగా, తేలిగ్గా విడివడితే అదును వచ్చినట్టే. చెక్కను పట్టుకుని చిరిగితే మరో వాన దాకా ఆగండి. మీరు కాయ తిని చూసిన చెట్టు నుంచే కన్ను తీసుకోండి. ఆకు కోసేసి కాడ మాత్రం ఉంచి, కన్ను, కాడ బయటికి కనిపించేలా పాలిథిన్ పట్టీ చుట్టండి. రెండు మూడు వారాలకు వేలు తగలగానే కాడ రాలితే అతికినట్టు. ఎండి అలాగే పట్టుకుని ఉంటే పోయినట్టే, అదే చిగురుకు కాస్త కిందగా మళ్లీ కట్టండి. అతికాక కన్నుకు పైనున్న చిగురును కత్తిరించి, కొత్త కొమ్మకు ఊతకర్ర కట్టండి. లేకుంటే గాలికి అతుకు దగ్గరే విరుగుతుంది.

ఇక రకం సంగతి. ఆపిల్ బేర్ కాయ పెద్దదే గానీ రుచికి నేను ఉమ్రాన్ అనే గంగరేగు రకానికే ఓటేస్తాను. గోలా అనే మరో రకం ముందుగా, ఉమ్రాన్ ఆలస్యంగా పండుతాయి. రెండూ కట్టుకుంటే కాయలన్నీ ఒకేసారి సంతకు తోలాల్సిన పని ఉండదు.

చాలామంది అంటు అతికాక చెట్టును వదిలేస్తారు. అతుకు కింద నుంచి వచ్చే ముళ్ల చిగుర్లను ఎప్పటికప్పుడు గిల్లేయకపోతే అవే పైకి లేచి అంటును అణగదొక్కుతాయి. మొదటి ఏడాది సగం చెట్లే కోయండి, చెయ్యి తిరిగాక మిగతావి చూద్దురు గాని. లేత చిగుర్లంటే మేకలకు ప్రాణం, గట్ల వైపు కంప అడ్డం వేయడం మరవకండి.