నలభై సీట్ల రెస్టారెంట్‌కి పళ్లేలు: శాంపిల్ నుంచి ఆర్డర్ దాకా

ప్రశ్న: బీఎఫ్ఏ చివరి సంవత్సరం చదువుతున్నాను, సెరామిక్స్‌లో పనిచేస్తున్నాను. హైదరాబాద్‌లో 40 సీట్ల ఫైన్ డైనింగ్ రెస్టారెంట్ చెఫ్ నా స్టోన్‌వేర్ (ఎక్కువ వేడిలో కాల్చిన గట్టి మట్టి) పళ్లేలు చూసి, వాళ్ల కొత్త తెలుగు మెనూకి టేబుల్‌వేర్ డిజైన్ చేసి శాంపిళ్లు చూపించమన్నారు. ఎలా మొదలుపెట్టాలి? దీన్నే కెరీర్‌గా ఎంచుకోవచ్చా?

జవాబు: ఎంచుకోవచ్చు. అయితే ఒక శాంపిల్ అందంగా రావడం వేరు, డెబ్బయ్యో పళ్లెం మొదటిదానిలాగే రావడం వేరు. ఈ రంగంలో డబ్బులొచ్చేది రెండోదానికే.

మట్టి ముట్టుకునే ముందు ఒక సాయంత్రం ఆ కిచెన్‌లో నిలబడి సర్వీసు చూడండి. టేపు వెంట ఉంచుకోండి. హోటల్ డిష్‌వాషర్ ట్రేలు ఎక్కువగా 50 × 50 సెం.మీ. ఉంటాయి. పళ్లెం అందులో నిలబడుతుందా, మెషీన్ మూతకు తగులుతుందా, అల్మారా అరలో పడుతుందా అని కొలవండి. 27 సెం.మీ. పళ్లెం కిలో దాటితే మూడు పట్టుకుని నడిచే సర్వరు రెండో రోజే గొడవ చేస్తాడు, అందులో తప్పేమీ లేదు. మెనూ కూడా అడిగి తీసుకోండి. అంచు లేని చదును పళ్లెంలో పులుసు నిలవదు. చేత్తో కలుపుకుని తినేదైతే అంచు కనీసం 2 సెం.మీ. లేవాలి, అడుగు నుంచి అంచుకు వెళ్లే వంపు గుండ్రంగా ఉండాలి. అక్కడ కోణం పదునుగా ఉంటే అన్నం ఇరుక్కుపోతుంది.

తర్వాత మట్టి ఎంత కుదించుకుపోతుందో చూసుకోండి. ఆ మట్టితో చేసిన పచ్చి బిళ్ల మీద 10 సెం.మీ. గీత గీసి, మీరు వాడబోయే బట్టీలోనే చివరి ఫైరింగ్ దాకా కాల్చండి. గీత 8.8కి వస్తే 12 శాతం తగ్గినట్టు. 27 సెం.మీ. పళ్లెం కావాలంటే 27ను 0.88తో భాగించాలి, 30.7 వస్తుంది. విద్యార్థులు చాలామంది 27కి 12 శాతం కలిపి 30.2కి చేసేస్తారు. బట్టీలోంచి 26.6 బయటికొస్తుంది.

డెబ్బై పళ్లేలు సారె మీద చేస్తే ఏ రెండూ కలవవు. ప్లాస్టర్ అచ్చు మీద జిగ్గర్ జాలీతో (తిరిగే అచ్చు మీద మట్టిని బ్లేడుతో ఒత్తి ఆకారమిచ్చే యంత్రం) చేయండి, గిన్నెలకు స్లిప్ కాస్టింగ్ (పలుచటి మట్టిని అచ్చులో పోయడం) పెట్టుకోండి. అచ్చుకి బరువులో 100 భాగాల ప్లాస్టర్‌కి 70 భాగాల నీళ్లు సరిపోతాయి. అన్ని అచ్చులకూ అదే నిష్పత్తి ఉంచకపోతే ఒక్కోటి ఒక్కోలా నీరు పీలుస్తుంది. ఆరేటప్పుడు అంచు ముందు ఆరి పైకి లేస్తుంది కాబట్టి అంచు చుట్టూ ప్లాస్టిక్ కప్పండి. ఫైరింగ్‌లో పళ్లెం మధ్యభాగం కిందికి జారుతోందంటే పాదపు రింగు (పళ్లెం అడుగున ఆనే గుండ్రటి అంచు) మరీ వెడల్పుగా పెట్టారన్నమాట. లోపల చిన్న రెండో రింగు ఇవ్వండి. ఇక గ్లేజ్ (కాల్చాక గాజులా మారే పైపూత) లేని పాదాన్ని డైమండ్ ప్యాడ్‌తో నున్నగా రుద్దకపోతే, దొంతర పెట్టినప్పుడు కింది పళ్లెం ముఖమంతా గీతలు పడతాయి.

గ్లేజ్ దగ్గర తొందరపడకండి. మన వంటల్లో పసుపు, చింతపండు, నూనె మూడూ ఉంటాయి. గ్లేజ్‌లో సన్నటి పగుళ్లుంటే పసుపు మరక లోపలికి దిగి మళ్లీ పోదు. గ్లేజ్ మట్టి కంటే ఎక్కువ కుదించుకోవడం వల్ల ఆ పగుళ్లు వస్తాయి, సాధారణంగా గ్లేజ్‌లో సిలికా కొంచెం పెంచితే తగ్గుతాయి. మ్యాట్ (మెరుపు లేని) గ్లేజ్ మీద స్టీలు చెంచాతో గట్టిగా గీయండి. బూడిదరంగు గీత పడి సబ్బుతో పోకపోతే ఆ గ్లేజ్ తినే ముఖానికి పనికిరాదు, బయటి వైపు వాడుకోండి. నిమ్మచెక్క 24 గంటలు ఉంచి చూడండి, రంగు మారితే పక్కన పెట్టేయండి. రాగి ఎక్కువున్న ఆకుపచ్చలు తరచుగా ఇక్కడే దొరికిపోతాయి. ఇవి వడపోత మాత్రమే. సీసం, కాడ్మియం కారడం లేదని ల్యాబ్ రిపోర్టు విడిగా తీసుకోవాల్సిందే.

ఇంకొకటి, నీరు పీల్చుకునే గుణం. గ్లేజ్ వేయకుండా పూర్తిగా కాల్చిన ముక్కను తూచి, 5 గంటలు ఉడికించి, 24 గంటలు ఆ నీళ్లలోనే వదిలి, పైతడి తుడిచి మళ్లీ తూచండి. 200 గ్రాములది 203 అయితే 1.5 శాతం. హోటల్ వాడకానికి 0.5 లోపు ఉండటం మేలు. ఎక్కువైతే చివరి ఉష్ణోగ్రత దగ్గర బట్టీని ఇంకో 15 నిమిషాలు ఆపి చూడండి.

చదువు సంగతి. అహ్మదాబాద్ ఎన్ఐడీలో (జాతీయ డిజైన్ సంస్థ) సెరామిక్ అండ్ గ్లాస్ డిజైన్‌లో ఎం.డిజైన్ ఉంది, దానికి డీఏటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. జైపూర్ ఐఐసీడీలో (చేతివృత్తుల డిజైన్ సంస్థ) ఫైర్డ్ మెటీరియల్ డిజైన్ కోర్సు ఉంది. కోర్సు కంటే చేతిపని ముఖ్యమనుకుంటే, 1971లో రే మీకర్, డెబోరా స్మిత్ పుదుచ్చేరిలో మొదలుపెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ వైపు చూడండి. స్టోన్‌వేర్ టేబుల్‌వేర్‌కి పేరున్న చోటు. ఫ్యాక్టరీ పద్ధతి తెలియాలంటే ఉత్తరప్రదేశ్‌లో పింగాణీ ఫ్యాక్టరీల ఊరు ఖుర్జాలో ఆరు నెలలు పనిచేయండి. నన్నడిగితే ఎం.డిజైన్‌కి ముందే ఇది చేయాలి. పోర్ట్‌ఫోలియోలో ఇరవై రకాల పళ్లేలకు బదులు ఒకే సెట్‌ని డ్రాయింగులు, పరీక్ష ఫలితాలు, దొంతరగా పేర్చిన ఫొటోతో పెట్టండి.

ఇక ఈ ఆర్డర్. 40 సీట్లకు ఒక్కో రకం 60, వాడకంలో పగిలేవాటికి ఇంకో 10 ఇవ్వాలి. మొదటి బ్యాచ్‌లో నాలుగో వంతు పోయేలా లెక్కేసుకుని 94 దాకా చేయండి, ధర కూడా ఆ 94 మీదే కట్టండి. కొలతల్లో 3 మి.మీ. తేడా ఒప్పుకుంటారని, శాంపిళ్లకు విడిగా డబ్బిస్తారని, ఏడాది తర్వాత పది పళ్లేలే కావాలంటే ధర వేరని రాయించుకోండి. సగం అడ్వాన్స్ చేతికొచ్చాకే ప్లాస్టర్ కలపండి.