మధ్యలో మానేస్తే సర్టిఫికెట్లు ఇవ్వరా?

ప్రశ్న: మా అబ్బాయి బెంగళూరులో బీటెక్‌లో చేరి నెల తిరక్కుండానే మానేస్తానంటున్నాడు. నాలుగేళ్ల ఫీజూ కడితేనే ఇంటర్ మెమో ఇస్తామంటోంది కాలేజీ. ఏం చేయాలి?
– ఒక తల్లి, మారతహళ్లి

జవాబు: నాలుగేళ్ల ఫీజు కట్టనక్కర్లేదమ్మా. 2018 అక్టోబరు నాటి యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) నిబంధనల ప్రకారం ఒరిజినల్స్ సరిచూసి వెంటనే తిరిగిచ్చేయాలి, ఫీజు కోసం అట్టిపెట్టుకోకూడదు. చదవని సెమిస్టర్లకు ఫీజు అడగడం కూడా కుదరదు.

కట్టిన ఫీజు వాపసుకు లెక్క మీవాడు చేరిన రోజు నుంచి కాదు, కాలేజీ ప్రకటించిన ప్రవేశాల చివరి తేదీ నుంచి. చాలామంది పొరబడేది ఇక్కడే. ఆ తేదీ దాటి 15 రోజుల్లోపు మానేస్తున్నట్టు దరఖాస్తు అందితే 80 శాతం, 16 నుంచి 30 రోజుల్లో అయితే 50 శాతం వస్తాయి. 30 దాటితే సున్నా. కాషన్ డిపాజిట్ (చేరేటప్పుడు పూచీగా కట్టించుకునే సొమ్ము) మాత్రం ఎప్పుడైనా పూర్తిగా ఇవ్వాలి. అందుకే ప్రిన్సిపాల్ గది ముందు పడిగాపులు కాయకుండా ఇవాళే దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఈమెయిల్ కూడా పంపండి. నోటిమాటకు విలువ లేదు. దరఖాస్తు అందిన 15 రోజుల్లో డబ్బు రావాలి. రాకపోతే యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి.

తెలుగు రాష్ట్రాల్లో మళ్లీ చేర్చాలంటే టీసీ అడిగి తీసుకోండి, లేదంటే తర్వాత దానికోసం మళ్లీ బెంగళూరు బస్సెక్కాల్సి వస్తుంది.