నగ్న చిత్రంలో కోరిక కనిపిస్తే అది కళా, బూతా?

ఒంటి మీద బట్టలున్నాయా లేవా అని నేను చూడను. ఆ ఒంటికి వయసొస్తుందనీ, అది పోయేదేననీ గీసినవాళ్లకి తెలుసా అని చూస్తాను. తెలిసి గీస్తే అది కళే.

ఫైన్ ఆర్ట్స్ చదివేటప్పుడు మా లైఫ్ స్టడీ క్లాసుకి, అంటే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసి గీసే క్లాసుకి, ఒక పెద్దావిడ మోడల్‌గా వచ్చేది. అరవై దాటిన మనిషి. చీర నడుముకి చుట్టుకుని, పైన ఏమీ లేకుండా స్టూలు మీద కూర్చునేది. టీ టైములో పైట కప్పుకుని అందరి బోర్డులూ చూసేది. ఒకరోజు మా అందరిలోకీ బాగా గీస్తాడని పేరున్న అబ్బాయి బోర్డు దగ్గర ఆగిపోయింది. వాడు ఆవిడ పొట్టని ఒక్క ముడత లేకుండా, నున్నగా గీశాడు.

"నా పొట్టేది బాబూ? నలుగుర్ని కన్నాను. మా ఆయన పోయేదాకా దీనిమీదే చెయ్యేసుకుని పడుకునేవాడు" అంది.

ఎవరూ నవ్వలేదు. వాడు ఆ కాగితం తీసేసి కొత్తది బిగించాడు.

ముసలి ఒంటికి కోరికేమిటి అనేవాళ్లు భూపేన్ ఖఖర్ బొమ్మలు చూడాలి. బరోడాలో లెక్కలు రాసుకుంటూ బొమ్మలేసిన చార్టర్డ్ అకౌంటెంట్ ఆయన. మగవాళ్లని ప్రేమించిన సంగతి దాచుకోకుండా 1982లోనే 'టూ మెన్ ఇన్ బెనారస్' వేశాడు. అందులో ఇద్దరు మగవాళ్లు నగ్నంగా కౌగిలించుకుని ఉంటారు, చుట్టూ ఊరు తన పని తాను చేసుకుంటూ ఉంటుంది. తర్వాత ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చింది. 2003లో పోయేలోపు గాయపడ్డ ఒంటిని, చీలిన పొట్టని కూడా అంతే ధైర్యంగా వేశాడు. నా దృష్టిలో కోరిక బొమ్మలూ, గాయాల బొమ్మలూ చేసేది ఒకటే పని, ఒంటిని ఉన్నదున్నట్టు చూపించడం. మన మెదక్ జిల్లాలో పుట్టిన చిత్రకారుడు లక్ష్మా గౌడ్ గారి ఎచింగ్‌లలోనూ (లోహపు రేకు మీద యాసిడ్‌తో గీతలు చెక్కి అచ్చు తీసే బొమ్మల్లోనూ) పల్లె మనుషుల కోరిక ఏ దాపరికం లేకుండా ఉంటుంది.

మనవాళ్లు మాత్రం హాల్లో తగిలించుకోవడానికి బిందె పట్టుకున్న పడుచుపిల్లనే కొంటారు. పెళ్లి ఆల్బమ్‌లో అమ్మమ్మ ముడతలు కూడా స్టూడియోవాళ్లతో చెరిపించేస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఇంకోటి, మీరు అడగలేదు గానీ చెప్తాను. గంటలకొద్దీ కదలకుండా కూర్చునే ఆ మోడల్స్‌కి కాలేజీలో ఇచ్చేది ఆటో ఖర్చులకే సరిపోయేది. బొమ్మ అమ్ముడైతే అందులో వాళ్లకీ వాటా ఇవ్వాలి.