సిలాక్ నిష్పత్తులను ఒక్క ప్రయోగంతో నమ్మవచ్చా?

మందు వేసిన కణాలను హెవీగా (బరువైన అమైనో ఆమ్లాలతో), వేయనివాటిని లైట్‌గా (మామూలువాటితో) పెంచి, సిలాక్‌తో (ఆ బరువు తేడాను బట్టి రెంటి ప్రోటీన్లను మాస్ స్పెక్ట్రోమీటర్‌లో కొలిచే పద్ధతి) పోల్చితే 40 ప్రోటీన్లు తగ్గినట్టు వచ్చాయని, నమ్మవచ్చా అని అడిగారు. లేబుళ్లు తారుమారు చేసి, అంటే ఈసారి మందును లైట్ కణాలకు వేసి, మళ్లీ చేసేదాకా ఒక్కదాన్నీ నమ్మకండి.

పీహెచ్‌డీ మూడో ఏట నాకూ ఇలాంటి జాబితాయే వచ్చింది. హెలా కణాలు (ల్యాబుల్లో పెంచే మనిషి క్యాన్సర్ కణాలు), హెవీ లైసిన్, హెవీ ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాలు, డయాలిసిస్‌తో విడి అమైనో ఆమ్లాలు తీసేసిన సీరం, ఆరు విభజనలు... అంతా పద్ధతి ప్రకారమే. తీరా జాబితాలో మొదటి ప్రోటీన్‌కు వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్ ఎంత ఉందో బ్యాండ్‌గా చూపే పరీక్ష) చేస్తే, మందు వేసినవాటి, వేయనివాటి బ్యాండ్లు రెండూ సమానంగా ఉన్నాయి. ఆ రాత్రి సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకెలు పక్కనపెట్టి స్పెక్ట్రాలు (మాస్ స్పెక్ట్రోమీటర్ గీసే గ్రాఫులు) ఒక్కొక్కటే తెరిచాను. లైట్ పీక్, దానికి 4 యూనిట్ల అవతల హెవీ పీక్, ఉండాల్సిన చోటే ఉన్నాయి. ఇంకో 3 యూనిట్ల అవతల మాత్రం చిన్న పీక్ ఒకటి నిలబడి ఉంది. తెల్లవారేసరికి తేలింది: ప్రోలిన్ అనే మరో అమైనో ఆమ్లం ఉన్న పెప్టైడ్లలోనే (ప్రోటీన్ ముక్కల్లోనే) అది కనిపిస్తోంది.

ఆర్జినిన్ ఎక్కువైతే కణం దాన్ని ప్రోలిన్‌గా మార్చుకుంటుంది. 10 డాల్టన్ల అదనపు బరువున్న ఆర్జినిన్ నుంచి 6 డాల్టన్ల అదనపు బరువున్న ప్రోలిన్ పుడుతుంది. పరికరం బరువును ఆవేశంతో భాగించి చూపుతుంది కాబట్టి, రెండు ఆవేశాలున్న పెప్టైడ్‌లో అది 3గా కనిపిస్తుంది. హెవీ సిగ్నల్‌లో కొంత అటు పోతే, సాఫ్ట్‌వేర్ దాన్ని లెక్కలోకి తీసుకోక ప్రోటీన్ తగ్గిందని చెబుతుంది. మందుకు ఇందులో ఏ ప్రమేయమూ లేదు.

కణాలు ఆర్జినిన్‌ను ప్రోలిన్‌గా మార్చుకునే అవసరం లేకుండా, అవి పెరిగే మీడియంలో లీటరుకు 200 మిల్లీగ్రాముల మామూలు ప్రోలిన్ కలిపాను. ఈసారి మందును లైట్ కణాలకు వేశాను. నిజంగా తగ్గిన ప్రోటీన్ అయితే నిష్పత్తి తలకిందులు కావాలి. అలా అయినవి మూడే.

2002లో డెన్మార్క్‌లోని ఒడెన్సేలో మత్తియాస్ మాన్ బృందం సిలాక్ పద్ధతిని ప్రచురించింది. ఇన్నేళ్ల తర్వాత కూడా తారుమారు ప్రయోగం లేని పేపర్లు వస్తూనే ఉన్నాయంటే నాకు కోపం వస్తుంది. హెవీ లైసిన్ ఖరీదంటారు. తప్పుడు ప్రోటీన్ వెంట ఒక విద్యార్థి ఏడాది పోతే దానికి ఖరీదు లేదా? ఇంకొందరు పొదుపు కోసం మామూలు సీరం పోస్తారు. అందులోని లైట్ అమైనో ఆమ్లాలు లేబులింగ్‌ను ఎప్పటికీ పూర్తి కానివ్వవు.

ముందు మీ 40 ప్రోటీన్లలో ఒకదాన్ని తెరవండి. ప్రోలిన్ ఉన్న పెప్టైడ్ల నిష్పత్తి ఒక పక్క, లేనివాటిది ఒక పక్క రాసుకోండి. ఉన్నవాటిలోనే హెవీ తగ్గి ఉంటే, వెంటనే ప్రోలిన్‌కు ఆర్డర్ పెట్టండి.